ఫిజీ డాలర్, కావా కట్ట, తిమింగలం పన్ను: అందరూ మళ్ళీ మళ్ళీ అడిగే డౌట్లు

మాది విజయనగరం పక్కన. ఫిజీలో లౌటోకా అనే ఊళ్ళో మూడేళ్ళు ఉద్యోగం చేసి వచ్చా. అప్పట్నుంచి ఫిజీ ట్రిప్ అనుకున్న ప్రతివాళ్ళూ, అక్కడ ఉద్యోగం వచ్చిన ప్రతివాళ్ళూ ఫోన్ చేసి అవే ప్రశ్నలు అడుగుతున్నారు, సగం డబ్బు గురించి, సగం "ఊళ్ళోకి వెళ్తే కావా మొక్క వేళ్ళు ఇవ్వాలంట కదా, తిమింగలం పన్ను ఇస్తారంట కదా" అని. అన్నీ ఒకచోట రాసి పెడుతున్నా. మీకు కావాల్సిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్ళిపోండి, వరసగా చదవక్కర్లేదు.

పేర్ల గురించి ఒక్క మాట. ఫిజీ భాషలో స్పెల్లింగ్ చూసి చదివితే తప్పు పలుకుతాం. బి రాస్తే "ంబ", డి రాస్తే "ంద", జి రాస్తే "ఙ", క్యూ రాస్తే "ంగ", సి రాస్తే "థ". ఎయిర్‌పోర్ట్ ఉన్న ఊరు బోర్డు మీద నాడి అని కనిపిస్తది, పలికేది మాత్రం నాంది. నేను ఇక్కడ పలికినట్టే రాస్తున్నా.

## బయల్దేరే ముందు

ఫిజీలో ఏ డబ్బు నడుస్తుంది, మన రూపాయల్లో ఎంత పడుతుంది?

ఫిజీ డాలర్. ఒక డాలర్‌కి 100 సెంట్లు. ఈ మధ్యకాలంలో ఒక ఫిజీ డాలర్ మన డబ్బులో సుమారు 40 రూపాయల చుట్టూ తిరుగుతోంది, అమెరికా డాలర్‌లో సగం కంటే కాస్త తక్కువ. డాలర్ అనగానే అమెరికా డాలర్ లెక్క వేసుకుని హోటల్ రేటు చూసి కంగారుపడిన వాళ్ళు మా వాళ్ళలోనే ఇద్దరున్నారు, బుక్ చేసేటప్పుడు ఏ డాలరో చూసుకోండి. దీని విలువ మార్కెట్‌లో స్వేచ్ఛగా తేలదు, 1975 నుంచి కొన్ని దేశాల కరెన్సీలని కలిపి ఒక బుట్టగా పెట్టుకుని దానికి కట్టారు, అందులో ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, అమెరికా డాలర్లు, యూరో, యెన్ ఉంటాయి. అందుకే రోజువారీగా పెద్దగా ఊగదు. కానీ ప్రభుత్వమే విలువ తగ్గించిన సందర్భాలున్నాయి, 2009 ఏప్రిల్‌లో ఒక్కసారిగా 20 శాతం తగ్గించారు.

హైదరాబాద్‌లోనే ఫిజీ డాలర్లు కొనుక్కుని వెళ్ళొచ్చా?

దాని కోసం తిరగడం వేస్ట్. మన దగ్గర మనీ చేంజర్లు ఈ కరెన్సీ మామూలుగా ఉంచరు, ఉన్నా రేటు బాగోదు. అమెరికా డాలర్లో ఆస్ట్రేలియా డాలర్లో కొంచెం పట్టుకెళ్ళి నాంది ఎయిర్‌పోర్ట్‌లో దిగాక టాక్సీకి సరిపడా మార్చుకోండి, మిగతాది టౌన్‌లోకి వెళ్ళాక. ఏటీఎంలు ఎయిర్‌పోర్ట్‌లోనే ఉన్నాయి, ఇంటర్నేషనల్ వాడకం ఆన్ చేసిన కార్డు అయితే చాలు. ఇంకో సంగతి, బ్యాంక్ ఆఫ్ బరోడా అక్కడ 1961 నుంచి ఉంది, ఉద్యోగానికి వెళ్ళేవాళ్ళకి అకౌంట్ విషయంలో కాస్త తెలిసిన పేరు కనబడితే ధైర్యంగా ఉంటది.

క్యాష్ ఎంత వరకు తీసుకెళ్ళొచ్చు?

10,000 ఫిజీ డాలర్లు గానీ, అంత విలువైన వేరే కరెన్సీ గానీ, దానికి మించి గానీ మీ దగ్గర ఉంటే కస్టమ్స్‌లో డిక్లేర్ చేయాలి. వెళ్ళేటప్పుడూ అంతే, వచ్చేటప్పుడూ అంతే.

## దిగిన తర్వాత

నోట్ల మీద ఇంగ్లండ్ రాణి ఉంటుందన్నారు, నాకిచ్చిన వాటి మీద పిట్టలూ పురుగులూ ఉన్నాయి, మంచివేనా?

మంచివే. రాణి బొమ్మ ఉన్నవి పాతవి. 2013లో మొత్తం మార్చేసి మనుషుల బదులు ఫిజీలో మాత్రమే ఉండే జీవాల్ని వేశారు. 5 డాలర్ల మీద కులావాయి అనే చిన్న చిలక, 10 మీద బేలి అనే చేప, 20 మీద ఙావు దీవి సముద్రపక్షి, 50 మీద తవేవుని దీవి కొండల్లో పూసే తాఙిమౌథియా పువ్వు, 100 మీద నానాయి అనే ఇలకోడి లాంటి పురుగు. ఈ నానాయి కథ నాకు భలే ఇష్టం, భూమిలోనే ఉండి ఎనిమిదేళ్ళకోసారి మాత్రమే బయటికి వస్తది, 2017లో అలాగే వచ్చింది. ఒక దేశం తన పెద్ద నోటు మీద ఒక పురుగుని వేసుకుందంటే వాళ్ళకి ఆ నేల మీద ఎంత పట్టో చూడండి. 5 డాలర్ల నోటు ప్లాస్టిక్‌లా జారుతది, అది పాలిమర్, దొంగనోటు కాదు.

2 డాలర్లు ఇప్పుడు నోటు కాదు, నాణెం. 1, 2 సెంట్ల నాణేలు తీసేశారు. చేతికి 20 సెంట్ల నాణెం వస్తే ఒకసారి తిప్పి చూడండి, తాడు కట్టిన వంకీ లాంటిది ఒకటి కనబడతది, అదే తంబువా, తిమింగలం పన్ను. చాలామంది అది అరటిపండు అనుకుంటారు. బజార్లో ఖర్చుపెట్టే డబ్బు మీద, బజార్లో ఖర్చుపెట్టని సొత్తు బొమ్మ.

7 డాలర్ల నోటు ఇచ్చారు, అలాంటిది ఉంటుందా అసలు?

ఉంటుంది! 2016 రియో ఒలింపిక్స్‌లో సెవెన్స్ రగ్బీలో ఫిజీ గోల్డ్ కొట్టింది, ఆ దేశానికి ఒలింపిక్స్‌లో అదే మొట్టమొదటి మెడల్. ఏడుగురు ఆడే ఆట కాబట్టి 2017లో 7 డాలర్ల నోటు వేశారు. చెల్లుతుంది. ఖర్చుపెట్టకండి, దాచుకోండి.

ఫోన్‌తో కట్టేయొచ్చా మన యూపీఐ లాగా?

మన యూపీఐ అంత కాదు గానీ ఎంపైసా అని ఉంది, వోడాఫోన్ వాళ్ళది, 2010లో మొదలైంది, ఫోన్ నంబర్ మీద డబ్బు నడుస్తది. టౌన్లలో, హోటళ్ళలో కార్డు బాగా నడుస్తది, అయితే సరుకు మీద కార్డు చార్జీ వేస్తారేమో ముందే అడగండి. ఊళ్ళకి, చిన్న దీవులకి వెళ్తే చిల్లర క్యాష్ తప్పనిసరి, 100 నోటు ఇచ్చి ఆ చిన్న కొట్టు ఆవిడని ఇబ్బంది పెట్టకండి.

బేరం ఆడొచ్చా? టిప్ ఇవ్వాలా?

కూరగాయల మార్కెట్లో కుప్పలు పోసి పెడతారు, కుప్ప రెండు డాలర్లు, కుప్ప ఐదు డాలర్లు అని, తూకం ఉండదు, అక్కడ బేరం ఆడరు. అడిగితే ఇంకో రెండు వంకాయలు పైన వేసి ఇస్తారు, అదే వాళ్ళ పద్ధతి, మన కొసరు లాగా. టూరిస్టు వస్తువుల షాపుల్లో మాత్రం అడగండి. రోడ్డు మీద ఎవరైనా చాలా ప్రేమగా పేరు అడిగి చెక్క కత్తి మీద చెక్కడం మొదలుపెడితే నవ్వుతూ వద్దని ముందుకి నడవండి, చెక్కాక డబ్బు అడుగుతారు. టిప్ ఆచారం లేదు. రిసార్టుల్లో స్టాఫ్ అందరికీ కలిపి క్రిస్మస్ ఫండ్ డబ్బా ఉంటది, వేయాలనిపిస్తే అందులో వేయండి.

## ఊళ్ళోకి వెళ్ళేటప్పుడు

సేవుసేవు అంటే ఏంటి? దాని బదులు డబ్బు ఇచ్చేస్తే పోలా?

పోదు. ఫిజీ ఊరు అంటే మన ఊళ్ళ లాగా ఎవరైనా బండి మీద వచ్చి తిరిగి వెళ్ళే చోటు కాదు, ఆ నేల ఆ వంశాలది, గడప లేకపోయినా గడప ఉన్నట్టే. బయటివాళ్ళు వస్తే ముందు ఊరి పెద్ద దగ్గర కూర్చుని యంగోనా కట్ట ముందు పెట్టి, మేం ఫలానా, ఫలానా పని మీద వచ్చాం, మీ ఊళ్ళో అడుగుపెట్టనివ్వండి అని అడగాలి, అదే సేవుసేవు. ఆయన తీసుకుని ఆశీర్వాదంలా నాలుగు మాటలు చెప్తాడు. అంతే, అప్పటి నుంచి మీరు ఆ ఊరి అతిథి, మీకేమైనా అయితే వాళ్ళది బాధ్యత. యంగోనా అంటే కావా మొక్క, మిరియాల కుటుంబంలోదే, దాని వేళ్ళు.

డబ్బు ఎందుకు కుదరదు అంటే, డబ్బు ఇస్తే లెక్క తీరిపోతుంది, మీరు టికెట్ కొన్నట్టు, వాళ్ళు అమ్మినట్టు. సేవుసేవు ఇస్తే లెక్క మొదలవుతుంది. నాకిది అర్థం కావడానికి ఏడాది పట్టింది. మొదటిసారి ఒక ఊరికెళ్ళి తెలియక పెద్దాయన చేతిలో 50 డాలర్ల నోటు పెట్టబోయా. ఆయన కోప్పడలేదు, నోటు తీసుకోలేదు కూడా, పక్కనున్న కుర్రాడిని ఇంట్లోకి పంపి ఒక చిన్న కట్ట తెప్పించి నా చేతికిచ్చి, ఇప్పుడు ఇది నాకివ్వు అన్నాడు. నా తరఫున ఆయన వేళ్ళే ఆయనకి ఇచ్చా. ఆ రోజు సిగ్గుతో పాటు ఇంకేదో కూడా కలిగింది, ఇప్పటికీ మర్చిపోలేదు.

ఊళ్ళో భోజనానికి, పడవకి, గైడ్‌కి డబ్బు ఇవ్వొచ్చు, ఇవ్వాలి కూడా, అది వేరే. సేవుసేవు ముందు, డబ్బు మాట తర్వాత.

కావా ఎంత కొనాలి, ఎక్కడ కొనాలి?

నాంది, లౌటోకా, రాజధాని సువా, ఏ మార్కెట్‌కి వెళ్ళినా పైన ఒక వరస మొత్తం యంగోనా వాళ్ళదే ఉంటది. పొడి కాదు, వేళ్ళు అడగండి. వేళ్ళని వాకా అంటారు, కాండం ముక్కల్ని లేవేనా అంటారు, వాకా ఖరీదు ఎక్కువ, మర్యాద కూడా ఎక్కువ. "సేవుసేవుకి" అని చెప్తే వాళ్ళే కాగితంలో చుట్టి రిబ్బన్ కట్టి ఇస్తారు. ఒక చిన్న గ్రూపుకి అరకిలో కట్ట బాగుంటుంది. 2016 ఫిబ్రవరిలో విన్‌స్టన్ తుఫాను తోటలన్నీ ఊడ్చేశాక రేటు బాగా పెరిగింది, ఆ మొక్క చేతికి రావడానికి ఏళ్ళు పడుతుంది కాబట్టి రాత్రికి రాత్రి దిగదు. కిలో వంద డాలర్ల చుట్టూ ఉంటుందనుకుని వెళ్ళండి.

ఆ కూర్చునే చోట ఏం చేయాలి, ఏం చేయకూడదు?

టోపీ, కళ్ళద్దాలు, అంటే చలవ కళ్ళజోడు తీసేయండి. బ్యాగు భుజానికి వేలాడదీయకండి, చేత్తో పట్టుకోండి. మోకాళ్ళు భుజాలు కప్పుకోవాలి, నడుముకి సులు కట్టుకుంటే మేలు, మన లుంగీ లాంటిదే. చెప్పులు బయట. బాసింపట్టు వేసి కూర్చోవాలి, కాళ్ళు చాపి అరికాళ్ళు తానోవా వైపు పెట్టకూడదు. తానోవా అంటే కావా కలిపే నాలుగు కాళ్ళ చెక్క గిన్నె. నిలబడి ఎవరి తల మీదుగానూ చెయ్యి చాచకండి, తల వాళ్ళకి పవిత్రం. పిల్లల తల నిమరకండి, మనకి ప్రేమ, వాళ్ళకి ఇబ్బంది.

కట్ట మీరే ఇవ్వక్కర్లేదు, మీ గైడ్ గానీ తెలిసిన ఊరివాడు గానీ మీ తరఫున మాట్లాడతాడు, పెద్దాయన తరఫున కూడా మతానివనువా అనే ఆయన మాట్లాడతాడు. మతానివనువా అంటే నేలకి ముఖం. వాళ్ళ దగ్గర గొప్ప మాటలు ఎప్పుడూ ఒకరి తరఫున ఇంకొకరు చెప్తారు.

కొబ్బరి చిప్పలో కావా మీ దగ్గరికొస్తే, అరచేతులు గుంటలా చేసి ఒక చప్పట్టు, "బులా" అని, చిప్ప అందుకుని ఆపకుండా ఒక్క గుక్కలో తాగి, చిప్ప ఇచ్చేసి మూడు చప్పట్లు. అందరూ "మాథా" అంటారు, ఖాళీ అయింది అని. రుచి మట్టి నీళ్ళలా ఉంటుంది, పెదాలు నాలుక కాస్త తిమ్మిరెక్కుతాయి, మత్తు సారా లాంటిది కాదు, మనసు నెమ్మదిస్తుంది. మొదటి చిప్ప వద్దనకండి. ఆరోగ్యం బాలేకపోతే ముందే మెల్లగా చెప్పండి, అర్థం చేసుకుంటారు.

కావా బదులు స్వీట్లో, మందు బాటిలో తీసుకెళ్తే?

మందు బాటిల్ అస్సలు వద్దు. చాలా ఊళ్ళు మెథడిస్టు చర్చి ఊళ్ళు, మందు నిషేధం ఉన్న ఊళ్ళు కూడా ఉన్నాయి. స్వీట్లు, పిల్లలకి పుస్తకాలు, టీపొడి, పంచదార అదనంగా తీసుకెళ్తే సంతోషిస్తారు, కానీ యంగోనాకి బదులుగా కాదు.

నా షర్ట్ బాగుందన్నాడు, ఇస్తావా అని అడిగాడు, ఇవ్వాలా?

దాన్ని కేరేకేరే అంటారు, అంటే దయచేసి అని. ఫిజీవాళ్ళలో బంధువు వచ్చి ఉన్నది అడిగితే లేదనడం తప్పు, రేపు నీకు అవసరమైతే నువ్వూ అడుగుతావు. తిరిగి ఎప్పుడిస్తావు అని ఎవరూ అనరు. దీనివల్ల ఊళ్ళో ఒకడు చిన్న కొట్టు పెట్టుకుంటే నిలబడ్డం కష్టం, బంధువులందరూ వచ్చి అడుగుతారు, ఇవ్వకపోతే పరువు పోతుంది, ఇస్తే కొట్టు పోతుంది. ఇంగ్లీషు దొరల కాలం నుంచీ ఇది మంచి అలవాటు కాదని చెప్పి మాన్పించాలని చూశారు, పోలేదు. నాకైతే ఇది తప్పని చెప్పాలనిపించదు, తుఫాను వచ్చి ఇల్లు ఎగిరిపోయిన ఏడాది ఆ ఊరు ఎలా బతికిందో చూసినవాళ్ళు ఆ మాట అనరు.

మీరు బంధువు కాదు, అతిథి. కాబట్టి ఇష్టమైతే ఇవ్వండి, ఇది నాకు కావాలి, ఇంకోటి తెస్తా అని నవ్వుతూ చెప్పినా తప్పుబట్టరు. జాగ్రత్త పడాల్సింది ఇంకోవైపు. వాళ్ళింట్లో ఏదైనా వస్తువుని మరీ మరీ మెచ్చుకుంటే తీసి మీ చేతిలో పెట్టేస్తారు.

## తంబువా, పెళ్ళిళ్ళు, చావులు, తప్పులు

తంబువా అంటే ఏంటి, తిమింగలం పన్నుకి అంత విలువేంటి?

స్పెర్మ్ వేల్ అనే పెద్ద తిమింగలం పన్ను. నున్నగా రుద్ది, కొబ్బరినూనె పట్టించి, పసుపుతోనో పొగతోనో రంగు ఎక్కిస్తారు, పాతబడేకొద్దీ తేనె రంగుకి తిరుగుతుంది. రెండు కొసలకి కన్నాలు పెట్టి కొబ్బరిపీచుతో అల్లిన తాడు కడతారు. మెడలో వేసుకునేది కాదు. రెండు చేతులా పట్టుకుని మాట చెప్పి ఇచ్చేది. సభలో దాన్ని తంబువా అని కూడా అనరు, కమునాఙా అని గౌరవంగా అంటారు.

దాని విలువ పన్నులో లేదు, దాంతో పాటు వచ్చే మాటలో ఉంది. ఎవరైనా తంబువా పెట్టి ఒక కోరిక చెప్తే, మీరు దాన్ని అందుకున్నారంటే ఒప్పుకున్నట్టే, ఇక వెనక్కి తగ్గడం ఉండదు. అందుకే అందుకునేముందు ఆలోచిస్తారు. యుద్ధానికి సాయం రమ్మని, పిల్లనిమ్మని, క్షమించమని, చనిపోయినవాళ్ళకి గౌరవంగా, గొప్ప అతిథి వస్తే ఆహ్వానంగా, అన్నిటికీ ఇదే. 1953 డిసెంబర్‌లో ఎలిజబెత్ రాణి ఓడలో సువా వచ్చినప్పుడు ముందు పెద్దలు ఓడ మీదికి వెళ్ళి తంబువా ఇచ్చి నేల మీదికి దిగమని అడిగారు, ఆ తర్వాతే ఆవిడ దిగింది.

ఒక తంబువా ఎంత? అది కూడా డబ్బు లాంటిదేనా?

సువాలో తాకట్టు కొట్లకి వెళ్తే అద్దాల వెనక తంబువాలు వేలాడుతూ కనిపిస్తాయి, సైజు, రంగు బట్టి కొన్ని వందల డాలర్లు. అవసరం పడి ఎవరో కుదువపెట్టినవి, చావో పెళ్ళో వచ్చినవాళ్ళు వాటిని కొనుక్కుంటారు. కాబట్టి ధర లేదని చెప్పలేం. కానీ తంబువా ఇచ్చి బియ్యం కొనరు, అప్పు తీర్చరు. కొట్లోంచి బయటికి వచ్చి, చాప మీద కూర్చుని, మాట చెప్పి ఇచ్చిన క్షణం నుంచి ఆ ధర గురించి ఎవరూ మాట్లాడరు. ఇవాళ ఒక పెళ్ళికి వచ్చిన పన్ను రేపు ఇంకో చావుకి వెళ్తుంది, అలా ఊళ్ళు తిరుగుతూనే ఉంటుంది, ఎవరి బీరువాలోనూ పాతుకుపోదు. కొన్ని వందేళ్ళ పైబడినవి ఉంటాయి. మన పెద్దలు తాంబూలం పుచ్చుకున్నాక మాట తప్పకూడదు అనేవాళ్ళు కదా, తమలపాకు ఖరీదు ఎంత అని ఎవరూ అడగలేదు.

దీని కోసం తిమింగలాల్ని చంపుతారా?

లేదు. ఫిజీవాళ్ళు తిమింగలాల్ని వేటాడే జాతి కాదు. మొదట్లో ఒడ్డుకి కొట్టుకొచ్చిన వాటి పళ్ళు, టోంగా దీవుల నుంచి వచ్చినవి, చాలా తక్కువ ఉండేవి. 1800ల మొదట్లో వనువా లేవు దీవిలో బువా వైపు గంధపుచెక్క ఉందని తెలిసి తెల్లవాళ్ళ ఓడలు వచ్చాయి, వాళ్ళు ఇక్కడి పెద్దలకి ఏం కావాలో కనిపెట్టి వేటగాళ్ళ దగ్గర పళ్ళు కొని తెచ్చి గంధం పట్టుకెళ్ళారు. పదేళ్ళు తిరిగేసరికి గంధం దాదాపు అయిపోయింది. ఇప్పుడు తిరుగుతున్నవాటిలో చాలా భాగం ఆ కాలంలో వచ్చినవే.

పెళ్ళికి ఏమేం ఇచ్చుకుంటారు?

అబ్బాయి తరఫువాళ్ళు తంబువాతో వచ్చి అమ్మాయిని అడుగుతారు. పెళ్ళిలో రెండు వైపుల నుంచీ చాపలు పరుస్తారు, ఒకదాని మీద ఒకటి, అంచులకి రంగు రంగుల ఊలు కట్టినవి, పైన మాసి, అంటే చెట్టు బెరడుని కొట్టి కొట్టి గుడ్డలా చేసి నల్లగా ఎర్రగా అచ్చులు వేసింది. వధూవరులు మాసి కట్టుకుంటారు. ఇవన్నీ ఆడవాళ్ళ చేతిపని, ఒక మంచి చాప అల్లడానికి వారాలు పడుతుంది. మగవాళ్ళు సభలో తంబువా పట్టుకుని మాట్లాడతారు గానీ ఆ కుప్ప మొత్తం ఆడవాళ్ళ కష్టం, ఇది ఎవరూ పెద్దగా చెప్పరు కాబట్టి నేను చెప్తున్నా.

మిమ్మల్ని పెళ్ళికి పిలిస్తే కవర్లో డబ్బు తప్పు కాదు, దాంతో పాటు ఒక చాపో, గుడ్డ తానో తీసుకెళ్తే వాళ్ళ ముఖాలు వేరేగా ఉంటాయి. మన చదివింపుల్లా ఎవరు ఎంత అని పుస్తకంలో రాయరు. కానీ చర్చి కోసమో స్కూలు కోసమో సోలి అని డబ్బు పోగుచేసేటప్పుడు మాత్రం పేరూ ఎంతిచ్చారో గట్టిగా చదువుతారు.

ఆఫీసులో తోటి మనిషి తండ్రి చనిపోయారు, నేనేం తీసుకెళ్ళాలి?

రేఙురేఙు అంటారు, పరామర్శకి వెళ్ళడం. ఒక్కరే వెళ్ళకండి, ఆఫీసు వాళ్ళందరూ కలిసి ఒక గుంపుగా వెళ్ళండి. ఒక తంబువా దొరికితే గొప్ప గౌరవం, లేకపోతే యంగోనా కట్ట, ఒకటి రెండు చాపలు. గుంపులో ఫిజీ మనిషి ఒకరు మీ అందరి తరఫున మాట్లాడతారు, మీరు తల వంచుకుని కూర్చుంటే చాలు. చాపలు, మాసి శవపేటిక కింద పరుస్తారు, మిగతావి వచ్చినవాళ్ళకే తిరిగి పంచేస్తారు. తెచ్చినదాంట్లో కొంత వెనక్కి వచ్చిందని చిన్నబుచ్చుకోవద్దు, అది పద్ధతి. నాలుగో రాత్రి ఒకటి, వందో రాత్రి ఒకటి జరుపుతారు, వందో రాత్రితో సంతాపం విడుస్తారు.

భోజనాల ఖర్చు మాత్రం ఇప్పుడు భారీ, వచ్చిన ప్రతి గుంపుకీ పెట్టాలి కదా, మాంసం, దుంపలు, కావా. ఆస్ట్రేలియాలో, న్యూజిలాండ్‌లో, ఇంగ్లండ్ సైన్యంలో ఉన్న పిల్లలు ఫోన్‌లో పంపే డబ్బు చాలాచోట్ల దీనికే పోతుంది. 2022 నుంచి బయటి నుంచి ఫిజీకి వచ్చే డబ్బు ఏడాదికి వంద కోట్ల ఫిజీ డాలర్లు దాటింది. గౌరవం పేరుతో అప్పులపాలు కావద్దని వాళ్ళ పెద్దల్లోనే కొందరు అంటున్నారు, నాకూ అదే అనిపిస్తుంది, చాప చాలు, అప్పు అక్కర్లేదు.

తప్పు చేస్తే తంబువా ఇచ్చి క్షమాపణ అడుగుతారంట, నిజమేనా?

నిజం. మతానిఙసావు అంటారు. తప్పు చేసినవాడి వైపు వాళ్ళు తంబువాతో వచ్చి చాప మీద కూర్చుని తప్పు ఒప్పుకుంటారు, అవతలివాళ్ళు పన్ను అందుకుంటే అక్కడితో అయిపోయింది, మళ్ళీ ఎత్తకూడదు.

అన్నిటికంటే పెద్ద ఉదాహరణ థామస్ బేకర్ అనే పాస్టరు సంగతి. 1867లో వీటి లేవు దీవి లోపలి కొండల్లో ఆయన్ని చంపేశారు. ఆయన్ని చంపమని కోరుతూ ముందుగా తంబువా పంపారు, అది అందుకున్నారు. అంటే చావుని అడిగిందీ ఆ పన్నే. 2003లో నంబుతౌతౌ ఊరివాళ్ళు ఆయన వంశంవాళ్ళని ఆస్ట్రేలియా నుంచి పిలిపించి, తంబువాలు, చాపలు పెట్టి క్షమాపణ అడిగారు. 136 ఏళ్ళ తర్వాత! పన్నుతో తెగింది పన్నుతోనే కలిపారు.

## పాత సంగతులు

డబ్బు లేనప్పుడు సరుకులు ఎలా మార్చుకునేవాళ్ళు?

ఏ దీవి పని ఆ దీవిది. వతులేలే మాసికి, కంబారా "వేసి" అనే చెట్టు గట్టి చెక్కతో చేసే తానోవా గిన్నెలకి, కందావు చాపలకి, సింగటోకా లోయ వైపు ఊళ్ళు కుండలకి, లోమావాయి మడ అడవుల్లో వండే ఉప్పుకి పేరు. సముద్రం వాళ్ళకి దుంపలు కావాలి, కొండ వాళ్ళకి చేపలు ఉప్పు కావాలి. సంత పెట్టి బేరమాడేవాళ్ళు కాదు, సొలేవు అని పెద్ద కలయిక జరిపేవాళ్ళు, ఒక ఊరు మొత్తం ఇంకో ఊరికి వెళ్ళి ఉన్నదంతా కుప్ప పోసి ఇచ్చేయడం, వాళ్ళు అంతకి తగ్గకుండా తిరిగి ఇవ్వడం, కొన్నాళ్ళాగి అయినా సరే. తర్వాతి కాలంలో ఆ కుప్పల్లోకి గుడ్డ తానులు, కిరసనాయిలు డ్రమ్ములు కూడా చేరాయి.

ఇంకోటి చెప్పకుండా ఉండలేను. వసు అంటారు, అక్కచెల్లెళ్ళ పిల్లలకి మేనమామ ఊరి మీద ఉండే హక్కు, ఆ హక్కున్నవాణ్ణీ వసు అనే అంటారు. పాత రోజుల్లో గొప్పింటి వసు వచ్చి మేనమామ ఊళ్ళో పంది నచ్చితే పంది, పడవ నచ్చితే పడవ పట్టుకుపోవచ్చు, కాదనేవాడు లేడు. మేనమామ అంటే ఏంటో మనకి ఎవరూ నేర్పక్కర్లేదు కాబట్టి మన తెలుగువాళ్ళకి ఇది ఇట్టే ఎక్కుతుంది.

మరి ఈ డాలర్ ఎప్పుడు వచ్చింది?

రెండుసార్లు వచ్చింది. 1870ల మొదట్లో థాకొంబావు అనే రాజు లెవుకా రాజధానిగా ప్రభుత్వం నడిపినప్పుడు డాలర్ నోట్లు వేశారు. 1874 అక్టోబర్ 10న దేశం బ్రిటిష్‌వాళ్ళ చేతికి వెళ్ళాక పౌండ్లు, షిల్లింగులు. ఫిజీ పేరుతో సొంత నాణేలు 1934లో వచ్చాయి, పెన్నీకి, అర పెన్నీకి మధ్యలో కన్నం ఉంటది, మన పాత కన్నం కానీ లాగా. యుద్ధ కాలంలో చిల్లర దొరక్క 1942లో ఒక పెన్నీకి కూడా కాగితం నోటు వేశారు, అదే టైంలో నాణేలు శాన్‌ఫ్రాన్సిస్కోలో కొట్టించారు. 1969లో పౌండ్ తీసేసి రెండు డాలర్లు ఒక పౌండ్ లెక్కన ఇప్పటి డాలర్ పెట్టారు. 1970 అక్టోబర్ 10న స్వాతంత్ర్యం. రిజర్వ్ బ్యాంక్ ఆఫ్ ఫిజీ 1984లో మొదలైంది.

## అక్కడి మనవాళ్ళు

గిర్మిట్‌లో వెళ్ళిన తెలుగువాళ్ళకి జీతం ఏ డబ్బులో ఇచ్చేవాళ్ళు?

షిల్లింగుల్లో. కాగితం మీద మగవాళ్ళకి రోజుకి ఒక షిల్లింగు, ఆడవాళ్ళకి తొమ్మిది పెన్నీలు, అంటే ముప్పావు షిల్లింగు, ఐదేళ్ళ ఒప్పందం. అగ్రిమెంట్ అనే మాటే నోళ్ళలో నలిగి గిర్మిట్ అయింది. కానీ ఆ రోజు కొలిచి ఇచ్చిన పని పూర్తయితేనే ఆ షిల్లింగు. చెరకు తోటలో ఆ కొలత చాలామందికి పూర్తయ్యేది కాదు, కూలి కోసేవాళ్ళు. 1879 నుంచి 1916 వరకు 60 వేల పైచిలుకు మందిని మన దేశం నుంచి ఇలా కూలికి తీసుకెళ్ళారు. మద్రాసు నుంచి ఓడలు 1903లో మొదలయ్యాయి, అలా ఎక్కినవాళ్ళు సుమారు 15 వేలు, వాళ్ళలో విశాఖపట్నం, గోదావరి, కృష్ణా, ఉత్తర ఆర్కాటు జిల్లాలవాళ్ళు ఉన్నారు. మా జిల్లా పేరు ఆ లిస్టుల్లో చూసిన రోజు ఏ అమ్మ ఎవరి కోసం రేవులో ఎదురుచూసిందో అనిపించి కళ్ళు తడిశాయి.

ఇప్పుడు అక్కడి తెలుగువాళ్ళు ఈ సేవుసేవు, తంబువా పాటిస్తారా?

యంగోనా అయితే పూర్తిగా సొంతం చేసుకున్నారు. ఫిజీ హిందీలో నంగోనా అంటారు, గ్రోగ్ అని కూడా అంటారు, పెళ్ళికి ముందు రాత్రి, చావు ఇంట్లో, సాయంత్రం వరండాలో తానోవా లేకుండా ఉండదు. చెరకు భూములు ఎక్కువగా ఫిజీ వంశాల నుంచి లీజుకి తీసుకున్నవి కాబట్టి లీజు మాట కోసం వెళ్ళినా, పక్క ఊరిలో ఏదైనా కష్టం వచ్చినా కట్ట పట్టుకునే వెళ్తారు. తెలుగు మాట్లాడేవాళ్ళు ఇప్పుడు తక్కువ, ఇంట్లో ఫిజీ హిందీయే, అయినా 1926లో పెట్టిన దక్షిణాదివాళ్ళ సంఘం, తెన్ ఇండియా సన్మార్గ ఐక్య సంఘం, స్కూళ్ళూ గుళ్ళూ ఇప్పటికీ నడుపుతోంది.

1987లో జరిగిన సైనిక తిరుగుబాట్లతో భయపడి చాలామంది మనవాళ్ళు దేశం వదిలేశారు. ఆ తిరుగుబాట్లు చేసిన సైన్యాధికారి రంబూకానే మళ్ళీ ప్రధాని అయ్యి, 2023 మే 14న, అంటే మొదటి గిర్మిట్ ఓడ వచ్చిన రోజున, సువాలో అందరి ముందు క్షమాపణ అడిగాడు. ఆ సంవత్సరం నుంచే గిర్మిట్ రోజుకి సెలవిచ్చారు. లౌటోకాలో మా పక్కింటి తెలుగు మామ్మ అంది, "అడగడానికి ముప్పై ఆరేళ్ళు పట్టింది, మర్చిపోడానికి ఎంత పడుతుందో బాబూ, అయినా అడిగాడు కదా" అని.

## తిరిగొచ్చేటప్పుడు

ఒక తంబువా గుర్తుగా తెచ్చుకోవచ్చా?

కొట్లో కొనేసి బ్యాగులో పెట్టుకుని వచ్చేయకండి. స్పెర్మ్ వేల్ అంతర్జాతీయ చట్టం కింద రక్షణ ఉన్న జంతువు, పర్మిట్ లేకుండా ఫిజీ దాటించకూడదు, ఇక్కడికి తేవడానికీ అనుమతి కావాలి, లేకపోతే ఎయిర్‌పోర్ట్‌లో తీసేసుకుంటారు, కేసు కూడా అవుతుంది. ఎవరైనా మీకు సభలో ఇస్తే అది వేరే బరువు, అలాంటిది వచ్చినప్పుడు మా ఆఫీసు ఫిజీ స్నేహితుడి సలహా విన్నా, ఇక్కడే ఎవరికైనా అవసరమైన చోటికి పంపు, అది తిరిగితేనే బతికుంటుంది అన్నాడు. నెల తిరగకముందే ఒక చావుకి మా ఆఫీసు తరఫున అదే పన్ను వెళ్ళింది.

గుర్తుకి కావాలంటే మాసి ముక్క తెచ్చుకోండి, చిన్న చాప తెచ్చుకోండి. చెక్క, పీచు, ఆకు వస్తువులు శుభ్రంగా, పురుగు లేకుండా ఉన్నాయో లేదో చూసుకోండి, దారిలో ఆస్ట్రేలియా గానీ న్యూజిలాండ్ గానీ దిగితే అక్కడ తప్పకుండా డిక్లేర్ చేయాలి.

మిగిలిన ఫిజీ డాలర్లు ఇండియాలో మారతాయా?

మారవు అనుకునే రండి. నాందిలో ఫ్లైట్ ఎక్కేముందే మార్చేసుకోండి, నాణేలు మాత్రం తీసుకోరు. మిగిలిన నాణేలు ఖర్చుపెట్టేయండి, లేదంటే హోటల్ స్టాఫ్ డబ్బాలో వేయండి. ఒక్క 20 సెంట్లది జేబులో ఉంచుకుని రండి, ఆ వంకీ బొమ్మ ఏంటని ఇంట్లో పిల్లలు అడుగుతారు.